నీళ్లు పడని బోర్ల డబ్బా

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త ఇవతల ఒక సందులో నా జిరాక్స్, డీటీపీ షాపు ఉండేది. షాపు మీద ఒక రేకుల గది. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం ఆ గదిలో నలుగురం కూర్చునేవాళ్లం. బజారు మాకు పెట్టిన పేరు డబ్బాలోళ్లు. పక్కన మిర్చి బండి ఆమె అయితే మొహం మీదే అనేది, "డబ్బాలోళ్లు ఎక్కిండ్రు, ఇగ పొద్దు గూకేదాంక దిగరు" అని.

కోపం వచ్చేది కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మా నలుగురి దగ్గరా పాతకాలపు చేతి కంప్యూటర్లు ఉండేవి. టచ్ ఫోన్లు రాకముందు పెద్ద పెద్ద ఆఫీసర్లు జేబులో పెట్టుకుని తిరిగినవి. కళ్లద్దాల డబ్బా అంత ఉంటుంది. మూత తెరిస్తే బూడిద రంగు తెర, దాని కింద గోటితో నొక్కాల్సినంత చిన్న మీటలు. ఇంటర్నెట్ రాదు, ఫొటో రాదు, తెలుగు అక్షరం అసలే రాదు. జేబులో అంత పెద్ద ఫోను పెట్టుకుని ఈ డబ్బాతో ఏం పని అని అడిగితే మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. అడిగినవాళ్ల మీద నేను గయ్యిమనేదాన్ని, అంతే. నాకు ముక్కు మీద కోపం అని మా అమ్మ అనేది. మా ఆయన మాత్రం ఉత్త ముక్కు మీదేనా అనేవాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది ప్రింటర్ సామాను కోసం హైదరాబాద్ జుమ్మెరాత్ బజారుకు పోయినప్పుడు తుక్కు కుప్పలో నా డబ్బా కనిపించింది. ఎందుకు కొన్నానో నాకే తెలీదు. పని చేయకపోతే మా సందు చివర గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని చూసి నవ్వి, సొరుగు లాగి అలాంటివే రెండు చూపించాడు. "నీక్కూడ పట్టిందా బేటీ, గీ బీమారీ?" అన్నాడు. ఒకదాంట్లో చదరంగం ఆడుకునేవాడు, ప్రతిసారీ ఓడిపోయేవాడు. మూడోవాడు ఆర్టీసీ కండక్టర్. మోత్కూర్ దిక్కు పల్లెటూరివాడు, నాకంటే పదేళ్లు చిన్న, అక్కా అనేవాడు. టిక్కెట్లు కొట్టే మిషన్ చేతికి వచ్చిన రోజు నుంచి చిన్న యంత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. పుల్లతో తెర మీద రాసే డబ్బా ఒకటి ఎక్కడో సంపాదించి అందులో తన డ్యూటీలు రాసుకునేవాడు.

సెల్లు మార్చడం, మీటల సందుల్లో దుమ్ము ఊదడం, చాయ్ తాగడం. సారు వచ్చేదాకా మా సంఘం చేసిన పని అదే.

సారు చాచా దగ్గరికి సెల్లు కోసం వచ్చి, అలా మా గది మెట్లెక్కారు. బోరు పాయింట్లు పెట్టే కొలువు చేసి రిటైరైన మనిషి. నేలలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, తీగలు కలిపి, మీటరు చూసి, ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో చెప్పడం ఆయన పని. ఎప్పుడో ఏదో మంచినీళ్ల స్కీములో ఆ డబ్బా ఆయన చేతికి ఇచ్చారట. స్కీము ముగిసింది, ఆఫీసు ఎత్తేశారు, డబ్బా వాపసు అడిగేవాళ్లు లేకపోయారు. ఆయన మాత్రం అందులో రాయడం మానలేదు. ఇరవై ఏళ్లకు పైగా రాశారు. రాసిందంతా ఒక్కటే, నీళ్లు పడని బోర్లు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, గుట్టకు ఏ దిక్కు, ఎన్ని అడుగులు పోయారు, బండ ఎక్కడ తగిలింది, దుమ్ము ఎక్కడినుంచి లేచింది.

"పడ్డ బోరును ఊరంత చూస్తది బిడ్డా. పడనిదాన్ని ఎవడు యాదికి పెట్టుకుంటడు? మన్ను గప్పుతరు, అయిపాయె. పదేండ్లకు ఇంకోడు ఆ జాగా కొని, దాని పక్కపొంటే మల్ల ఏస్తడు. నీళ్ల జాడకు కొబ్బరికాయ వట్టుకొని తిరిగేటోడు ఆడనే పాయింట్ వెడ్తడు" అన్నారు మొదటి రోజే. తాను పెట్టి తప్పిపోయిన పాయింట్లు కూడా అందులో ఉన్నాయని చెప్పారు. గొంతేమీ తగ్గించలేదు.

మేం కూర్చున్నప్పుడు ఆయనకు ఫోన్లు వచ్చేవి. ఎవరో రైతు, బోరు బండి మాట్లాడుకున్నానని, సారు ఒక మాట చెప్పాలని. ఆయన మూత తెరిచి ఊరి పేరు కొట్టేవారు. డబ్బా కాసేపు ఆలోచించేది. "వెయ్యకు అయ్యా. నీ పొలం వెనక దిక్కు మూడొందల ఎనభై పోయిండ్రు, సుక్క రాలె" అనేవారు. అవతల మనిషి గునిసేవాడు, బతిమాలేవాడు, కొందరు తిట్టేవారు కూడా. ఆయన ఫోన్ పెట్టేసి చాయ్ తాగేవారు. మా పనికిమాలిన డబ్బాల మధ్య ఒక్క డబ్బా మనుషుల్ని ఆపుతోంది. నాకు గర్వంగా ఉండేది, అదేదో నా గొప్ప అయినట్టు.

ఒక భయం ఉండేది. ఈ డబ్బాల్లో రాసిందంతా కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్లు వాటిని నడుపుతాయి. వాటిని మార్చే ఆ కాసేపు కాపలాగా గడియారాల్లో వేసే బిళ్ల సెల్లు ఒకటి లోపల ఉంటుంది. పెన్సిల్ సెల్లు తీసినప్పుడు బిళ్ల ఉండాలి, బిళ్ల తీసినప్పుడు పెన్సిల్ సెల్లు ఉండాలి. రెండూ లేకపోతే రాసిందంతా పోతుంది. మా నలుగురికీ ఇది నమాజు వేళలంత ఖాయం అనేవాడు చాచా. కంప్యూటర్‌కు కలిపే వైరు సారు ఎప్పుడో పోగొట్టుకున్నారు. కార్డు పెట్టే సందులో పళ్లు వంగిపోయాయి. అందుకని చేత్తో ఎత్తి రాయాలని నేనే అన్నాను. నాకు అక్షరాలు కుదురుగా వస్తాయి, పొడుగు నోట్‌బుక్ ఉంది, ఇంకేం కావాలి.

సారు ఇంగ్లిష్ అక్షరాల్లో పొడి పొడిగా రాసుకున్నారు. కేటీపీ, 114, యన్, 290, డి. అది చదివి, కళ్లు మూసుకుని విప్పి చెప్పేవారు. కేతేపల్లి, నూటపద్నాలుగు సర్వే నంబరు, ఉత్తరం దిక్కు, రెండువందల తొంభై అడుగులు, ఉత్త దుమ్ము. నేను రాసేదాన్ని. కండక్టర్ ఒకసారి, "అక్కా, మా మోత్కూర్ దిక్కు ముందుగాల రాద్దాం" అన్నాడు. హైవే మీద కట్టంగూర్ నుంచి మొదలుపెట్టాం, వరుస వరుసే అని కసిరాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఫొటోలు తీస్తే అయిపోయేది కదా అని ఇప్పుడు ఎవరైనా అడుగుతారు. చాచా అప్పుడే అడిగాడు. తెర మసకగా ఉంటుంది, ఆ పొడి అక్షరాలు సారుకు తప్ప ఎవరికీ అర్థం కావు అని నేనే కొట్టిపారేశాను. అది నిజమే, కానీ అసలు సంగతి అది కాదు. ఫొటోలు తీస్తే ఒక్క పూటలో పని ముగుస్తుంది. ముగిస్తే రెండో శనివారాలు మళ్లీ దుమ్ము ఊదుకుంటూ కూర్చోవాలి. మా నలుగురికీ ఆ చదవడం, ఆ రాయడం, మధ్యలో ఏ ఊళ్లో ఎవరు ఎలా తిట్టారో సారు చెప్పే కథలు కావాలి. ఒక్క పూట పనిని మూడేళ్లు సాగదీశాం. ఇది మాలో ఎవరూ పైకి అనలేదు. నేను కూడా ఇన్నాళ్లకు అంటున్నాను.

అది జరిగింది వానాకాలం మొదట్లో. కట్టంగూర్ అయింది, కేతేపల్లి అయింది, ఆ నెల మోత్కూర్ మొదలుపెట్టాలి. సారు డబ్బా తెరిచేసరికి పెన్సిల్ సెల్లు కారి, స్ప్రింగుల మీద పచ్చటి బూజు పట్టి ఉంది. బిళ్ల సెల్లు కూడా నీరసంగా ఉందని డబ్బా చెబుతోంది. చాచా భూతద్దం కన్నుకు తగిలించుకుని చూశాడు. స్ప్రింగులు గీకాలి, పక్కనే ఉన్న బిళ్ల గూటిని కూడా తుడవాలి, ఒకదాని తర్వాత ఒకటి చేద్దాం అన్నాడు.

నేను సొరుగులోంచి అడాప్టర్ తీశాను. గోడకు పెట్టి డబ్బాకు కలిపాను. "గిట్ల కరెంటు మీద వెట్టి రెండు ఒకపారే తియ్యి చాచా. ఒక్కసారే సాఫ్ చేస్తే అయిపోతది" అన్నాను.

చాచా చేతులు ఆగాయి. "జర ఆగు బేటీ. రెండు ఒకపారి తియ్యొద్దు గద" అన్నాడు.

"కరెంటు వోతదా ఇప్పుడు? కరెంటు వోయే రోజులు ఎప్పుడో వోయినయి. గీ గదిల మనం మెంబత్తి ముట్టించి ఎన్నేండ్లాయె?"

అది నిజం. రాష్ట్రం రాకముందు కరెంటు పోయే వేళలు పిల్లలకు కూడా కంఠస్థం ఉండేవి. ఆ కాలంలో అయితే ఈ నలుగురిలో ఒక్కరం కూడా గోడ మీది కరెంటును నమ్మేవాళ్లం కాదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కరెంటు పోలేదు. జిరాక్స్ మిషన్ మీద పని ఆగిన రోజు లేదు. ఇన్వర్టర్ కూడా అమ్మేశాను. సుఖానికి అలవాటు పడ్డాను. కండక్టర్ కూడా, "అవును చాచా, ఏం గాదు" అన్నాడు. సారు నా మొహం చూశారు. "నువ్వు జెప్తే సరే బిడ్డా" అన్నారు.

చాచా రెండూ తీశాడు. చిన్న బ్రష్‌తో గీకుతున్నాడు. ఐదు నిమిషాలు అయి ఉంటుందేమో. తల మీద ఫ్యాన్ చప్పుడు మారింది. నలుగురం తలెత్తి ఫ్యాన్‌ను చూశాం. అది మెల్లగా తిరిగి తిరిగి ఆగుతోంది. అప్పుడు కిందికి చూశాం.

ఒకేసారి నాలుగు జతల చేతులు డబ్బా మీద పడ్డాయి. కొత్త సెల్లు నా చేయి తగిలి బల్ల మీంచి దొర్లాయి. కండక్టర్ బల్ల కిందికి దూరాడు. చాచా బిళ్ల పెట్టాడు, పెన్సిల్ సెల్లు పెట్టాడు. తెర వెలిగింది. జనవరి ఒకటో తారీఖు అని చూపించి, యజమాని పేరు రాయమని అడిగింది. అప్పుడే పుట్టినట్టు.

బయట స్తంభం మీద లైన్‌మన్ కనిపించాడు. తీగల మీద చెట్టుకొమ్మ పడితే పని కోసం లైన్ ఆపాడట. పది నిమిషాల్లో కరెంటు వచ్చింది. ఫ్యాన్ మళ్లీ తిరిగింది.

సారు డబ్బా చేతిలోకి తీసుకుని మోత్కూర్ అని కొట్టారు. ఏమీ లేదని వచ్చింది. కట్టంగూర్ కొట్టారు. కేతేపల్లి కొట్టారు. తర్వాత మూత వేసి, "చాయ్ జెప్పు బిడ్డా" అన్నారు. నేను మెట్లు దిగి చాయ్ చెప్పి, మిర్చి బండి పక్కన నిలబడి ఏడ్చాను. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, ఆ రోజు ఒక్కరోజు.

నన్ను ఆయన తిట్టలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ తిట్టలేదు. తిడితే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. తిట్టు తింటే తిరిగి అరిచేదాన్ని, అరిచి ఏడ్చి తేలికయ్యేదాన్ని.

మరో రెండు మూడు శనివారాలు నడిచాయి. యాదికి ఉన్నది చెప్పండి సార్, రాస్తాను అన్నాను. ఆయన కళ్లు మూసుకుని కూర్చునేవారు. మనుషులు గుర్తొచ్చేవారు. ఒకాయన గడ్డం, ఒకామె చేతి గాజులు, బోరు బండి వెనక పరుగెత్తిన పిల్లలు. ఏ ఊరో, ఏ నంబరో మాత్రం వచ్చేది కాదు. "రాసుకున్న గద అని యాదికి పెట్టుకోలె బిడ్డా" అన్నారు ఒకరోజు. రైతుల ఫోన్లు వస్తే నా దగ్గర లేదయ్యా అనేవారు. కేతేపల్లి, కట్టంగూర్ వాళ్లకు నా నోట్‌బుక్ చూసి చెప్పేవాళ్లం. మిగతా ఊళ్లకు ఏమీ లేదు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. చాచా షాపు మూసి కొడుకు దగ్గరికి మిర్యాలగూడ పోయాడు. లాక్‌డౌన్ తీసేశాక కూడా మేం మళ్లీ కూర్చోలేదు. నేను రేకుల గది కిరాయికి ఇచ్చేశాను.

ఒకరోజు కండక్టర్ షాపుకు వచ్చాడు. వాళ్ల తమ్ముడు మోత్కూర్ దిక్కు వాళ్ల ఊళ్లోనే రెండెకరాలు కొన్నాడట. అమ్మినవాళ్లు హైదరాబాద్ పోయారు, అక్కడ ముందు బోరు వేశారో లేదో చెప్పేవాళ్లు లేరు. బోరు వెయ్యాలి. సారుతో పాయింట్ పెట్టించమని తమ్ముడు పట్టుబట్టాడు. "సార్ ఒప్పుకుంటలేడు అక్కా. నా దగ్గర లెక్క లేదు, నేను వెట్ట అంటాండు. మా వోడు కొబ్బరికాయ వానికి జెప్తడట. నువ్వన్న ఒక మాట జెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. కొబ్బరికాయ మనిషి కంటే మీ మీటరే నయం కద సార్ అన్నాను. ఆయన సరే అన్నారు. నేను చెబితే ఆయన సరే అనడం అది రెండోసారి.

బోరు బండి వచ్చిన రోజు నేనూ పోయాను. ఆయన్ను ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన కడ్డీలు దిగ్గొట్టి, ఒకటికి మూడుసార్లు చూసి, పొలం గట్టుకు కాస్త ఇవతల రాయి పెట్టి వచ్చారట. తమ్ముడి భార్య ఆ రాయికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. బండి మొదలైంది. మాట వినపడనంత చప్పుడు. నూరు అడుగులకు బండ తగిలింది. రెండువందలకు తెల్లటి దుమ్ము లేచింది. దుమ్ము చూసి సారు తల దించుకున్నారు. మూడువందలకు ఆపమన్నారు. తమ్ముడు ఇంకో రెండు పైపులు, ఇంకో రెండు పైపులు అంటూ నాలుగువందల ఇరవై దాకా పోయాడు. అందరి జుట్టు, రెప్పలు, భుజాలు తెల్లబడ్డాయి. తడి జాడ లేదు. బండి ఆపాక ఆ నిశ్శబ్దంలో తమ్ముడి భార్య పొలంలోని రేకుల కొట్టంలోకి పోయి తలుపు వేసుకుంది.

బండి వాళ్లు పైపులు సర్దుకుని వెనక్కి తీస్తున్నారు. వెనక చక్రం గట్టు పక్క మెత్తటి మన్నులోకి దిగబడింది. డ్రైవర్ తిడుతూ ముందుకు లాగాడు. చక్రం లేచిన చోట మన్ను జారి, ఒక పలక బండ బయటపడింది. తమ్ముడు కాలితో పక్కకు నెట్టాడు. కింద నేలకు సమంగా కోసిన పాత బోరు కేసింగ్ పైపు, నోట్లో రాళ్లు కుక్కి ఉంది. కొత్త బోరుకు పదిహేను అడుగుల దూరం ఉంటుంది.

సారు దగ్గరికి పోయారు. పైపు పక్కన నిలబడి గుట్ట వైపు చూశారు, మళ్లీ వెనక్కి ఊరి వైపు చూశారు. అక్కడే మెల్లగా గొంతుక్కూర్చున్నారు.

"ఇది నాదే" అన్నారు. "నేనే వెట్టిన ఈ పాయింట్. నాలుగొందలు పోయినం. గప్పుడు గూడ దుమ్మే."

ఆయన నా వైపు చూసి, "దీన్ని రాసిన బిడ్డా. రాసిన" అన్నారు.

తమ్ముడికి ఈ కథంతా తెలియదు. "ఎరుకై ఉండి గీడనే వెట్టినవా సార్?" అన్నాడు. అంత పెద్ద మనిషిని ఏమీ అనలేక, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే అన్నాడు. కండక్టర్ తమ్ముడి చేయి పట్టుకుని పక్కకు లాగాడు. నేను అప్పుడే చెప్పాల్సింది. రాసి పెట్టిన మనిషి ఆయన, పోగొట్టిన మనిషిని నేను అని. ఊళ్లో ప్రతివాడి మీదా ఎగిరిపడే నోరు నాది. అక్కడ మాత్రం పెగల్లేదు.

"మర్సిపోయిన నాయినా. తప్పు నాదే" అన్నారు సారు తమ్ముడితో.

సంచీలోంచి డబ్బా తీశారు. నేను ఉలిక్కిపడ్డాను, ఆయన ఇంకా దాన్ని మోస్తున్నారని నాకు తెలియదు. తెరిచి నా చేతికిచ్చారు. నువ్వు కొట్టు అన్నారు. ఖాళీ తెర. ఊరు చెప్పారు, కొట్టాను. సర్వే నంబరు తమ్ముడిని అడిగి చెప్పారు. పడమటి దిక్కు అన్నారు. నాలుగువందల ఇరవై అన్నారు. దుమ్ము అన్నారు.

"పాయింట్ ఎవరిదని రాయాలె సార్?" అన్నాను.

"నాదని రాయి" అన్నారు.

అలాగే రాశాను.